పరంజ్యోతి కట్టుకున్న జుట్టు

మదనపల్లె మిషన్ ఆసుపత్రి వెనక వరసగా ఉండే పెంకుటిళ్లలో ఒకటి కృపాదానానిది. ఆయన ఆ ఆసుపత్రిలో డ్రెస్సరు. పుండ్లు కడగడం, కట్లు కట్టడం ఆయన పని. మంచం మీద రోగి ఎంత దొర్లినా ఆయన కట్టిన కట్టు జారదని పేరు. భార్య విమలమ్మ రోగుల వంటశాలలో గంజి కాచేది. వాళ్లకు ఒక్కతే బిడ్డ, పరంజ్యోతి. 1940లో ఆ పిల్లకు తొమ్మిదేళ్లు.

ఆ ఏడు ఎండాకాలం ఒక ఆదివారం పొద్దున, గుడికి పోయే తొందరలో కూతురి తల దువ్వుతున్న విమలమ్మ చెయ్యి ఆగిపోయింది. ఎడమ చెవి వెనక రూపాయి బిళ్లంత మేర చర్మం నున్నగా మెరుస్తోంది. పేనుకొరుకుడు అనుకుంది. ఆ వరసలో ఎవరో ఒకరి పిల్లలకు అది వచ్చేదే, పోయేదే. గురివింద గింజ అరగదీసి రాసింది. మంట పుట్టి పిల్ల ఏడ్చింది. అది మానకముందే నడినెత్తిన ఇంకోటి, మెడ మీద మరోటి కనిపించాయి. ఉల్లిపాయ రసం పూశారు. మందారాకు నూరి పట్టించారు. కలికిరి నుంచి ఎవరో తెచ్చిన నూనె రాశారు. ఏం రాసినా దువ్వెనలోకి జుట్టు పాయలు పాయలుగా వచ్చేది. పొద్దున లేస్తే దిండంతా జుట్టే. క్రిస్మస్ వచ్చేసరికి ఆ తల మీద ఒక్క వెంట్రుక లేదు. కనుబొమ్మలు కూడా చెరిగిపోయినట్టయ్యాయి.

ఆసుపత్రి డాక్టరమ్మ దొరసాని. ఆమె పిల్ల తలను వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసింది. ఇది అంటురోగం కాదని, ప్రాణానికి ఏమీ కాదని, మందు మాత్రం తన దగ్గర లేదని, జుట్టు మళ్లీ రావచ్చు, రాకపోవచ్చని వచ్చీరాని తెలుగులో చెప్పింది. విమలమ్మకు చివరి మాట తప్ప మిగతావేవీ వినిపించలేదు.

కృపాదానానికి తోచిన ఉపాయం ఒక్కటే. బడికి పోయే ముందు కూతుర్ని పీట మీద కూర్చోబెట్టి, తలకు దెబ్బ తగిలినవాళ్లకు కట్టినట్టే తెల్లటి కట్టు కట్టేవాడు. నుదుటి మీదుగా, చెవుల పైనుంచి, ఒక్క మడత కూడా పైకి తేలకుండా. దెబ్బ ఎట్లా తగిలిందని పిల్లలు అడిగితే పరంజ్యోతి మెట్ల మీద పడ్డానని చెప్పింది. టీచరమ్మ జాలిపడి గాలి వచ్చే కిటికీ పక్కన కూర్చోబెట్టింది. కానీ ఎంత పెద్ద దెబ్బయినా ఎన్నాళ్లని మానకుండా ఉంటుంది? కొన్నాళ్లకు పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం మొదలుపెట్టారు. అప్పుడు పరంజ్యోతే తండ్రితో చెప్పింది, కట్టు వద్దు, ఊరికే గుడ్డ చుట్టుకుంటానని. ఎవరికి ఏ అబద్ధం చెప్పిందో గుర్తుపెట్టుకోవడం కష్టంగా ఉందట.

ఆదివారాలు మాత్రం ఆమెకు హాయిగా ఉండేవి. గుడిలో ఆడవాళ్లంతా కొంగు తల మీదికి లాక్కునే కూర్చుంటారు. అక్కడ తన తల కూడా అందరి తలల్లాంటిదే. పాటలు అందరికంటే గట్టిగా పాడేది.

ఊళ్లో వాళ్ల ఆలోచన వేరుగా ఉండేది. గుండు కనిపిస్తే జనం కొండకు పోయి మొక్కు తీర్చుకున్నారనే అనుకుంటారు. సంతలో ఎదురైనవాళ్లు తిరుపతికి ఎప్పుడు పోయొచ్చారని మామూలుగా అడిగేవాళ్లు. ఆ మాట నలుగురి నోళ్లలో పడి చర్చి సంఘపెద్దల దాకా పోయింది. వాళ్లలో ఒకాయన కృపాదానాన్ని పక్కకు పిలిచి, బిడ్డ జబ్బు కోసం ఎవరికీ తెలియకుండా తలనీలాలు ఇచ్చి వచ్చావా అని అడిగాడు. కృపాదానం ఇంటికి వచ్చి అన్నం ముట్టకుండా కూర్చున్నాడు. కొన్నాళ్లకు ఆ పెద్దమనిషే కాలి మీద పుండుతో ఆసుపత్రికి వచ్చాడు. కృపాదానమే రోజూ ఆ పుండు కడిగి, నొప్పి తెలియకుండా కట్టు కట్టాడు. కట్టు కట్టించుకునేవాడు తల ఎత్తలేదు. ఆ మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

బడి విడిచాక ఆడపిల్లలు హాస్టలు మెట్ల మీద ఒకరి వెనక ఒకరు కూర్చుని జడలు వేసుకునేవాళ్లు. పరంజ్యోతి అన్నిటికంటే పై మెట్టు మీద కూర్చునేది. ఆమె వెనక ఎవరూ ఉండాల్సిన పని లేదు. ముందు మెట్టు మీద ఎప్పుడూ సుహాసిని ఉండేది. ఆసుపత్రి గుమాస్తా కూతురు, మోకాళ్ల దాకా జుట్టు. ఆ జుట్టు మీదే పరంజ్యోతి వేళ్లు పని నేర్చుకున్నాయి. మూడు పాయలు, నాలుగు పాయలు, చేప ముల్లులాగా అల్లే జడ, పూలజడ. పెళ్లిళ్లకు పెద్దవాళ్లు కూడా ఆమెను పిలిపించుకునేవాళ్లు. పరాయి జుట్టయినా చేతుల్లో ఉన్నంతసేపూ ఆమెకు సంతోషంగానే ఉండేది. ఇంటికి వచ్చి తల గుడ్డ విప్పినప్పుడు తల్లి ముఖం పక్కకు తిప్పుకునేది. ఆ పిల్లను బాధపెట్టింది అదే.

ఆమెకు పదమూడేళ్లప్పుడు బడికి కొత్త డ్రిల్లు టీచరు వచ్చింది. సంగతి తెలియని మనిషి. వరసలో అందరూ ఒకలాగే ఉండాలని, తల మీద ఆ గుడ్డ తీసెయ్యమని ఎండలో అందరి ముందూ చెప్పింది. పరంజ్యోతి తియ్యలేదు. టీచరు తనే వచ్చి లాగేసింది. తర్వాత ఆమె పశ్చాత్తాపపడి ఇంటికి వచ్చి క్షమించమని అడిగిందట గానీ, పరంజ్యోతి మళ్లీ ఆ బడి మెట్లెక్కలేదు. నెలల తరబడి ఇంట్లోంచి బయటికి రాలేదు. ఆదివారం గుడికి పోవడం కూడా మానేసింది.

అప్పుడు పుంగనూరు నుంచి కృపాదానం అక్క అన్నమ్మ వచ్చింది. చిన్నప్పుడే భర్త పోయిన మనిషి. పుంగనూరు మిషన్ డిస్పెన్సరీలో నర్సు. కాన్పులు చేసీ చేసీ ఎవరినీ బతిమాలే అలవాటు పోయింది ఆమెకు. ఇంట్లో రెండు రోజులు ఉండి అన్నీ చూసింది. మూడో రోజు తమ్ముడితో తేల్చి చెప్పింది.

"ఈ పిల్లకు జబ్బేమీ లేదు దానం. మీ ఇద్దరి ముఖాలు సూసి సూసి వస్తాది జబ్బు. నేను నా ఎంబడి పిల్చకపోతాండాను."

యుద్ధం రోజులవి. పెట్రోలు దొరక్క బస్సులు బొగ్గు గ్యాసుతో నడిచేవి. వెనక పెద్ద పీపా, దాని కింద నిప్పులు. ఎత్తు వచ్చినప్పుడల్లా బస్సు నిలిచిపోయేది. అందరూ దిగి నడిచి, పైన మళ్లీ ఎక్కాలి. పుంగనూరు చేరేసరికి మేనత్తా మేనకోడళ్లిద్దరి ముఖాలూ మసి. అన్నమ్మ పిల్ల ముఖం చూసి నవ్వింది. చాలా రోజుల తర్వాత పరంజ్యోతి కూడా నవ్వింది.

డిస్పెన్సరీలో ఆమెకు పని దొరికింది. నీళ్లు కాచడం, దూది చుట్టడం, మేనత్త అడిగిన సీసా అందించడం. అక్కడికి ఒకరోజు మధ్యాహ్నం గంగులయ్య వచ్చాడు. వీధినాటకాల మనిషి, కుప్పం ఆయన ఊరు. యాభై ఏళ్లుంటాయి. తిరునాళ్ల సమయంలో ఆయన నాటక బృందం ఊరూరూ తిరుగుతూ పుంగనూరులో మకాం వేసింది. బృందంలో రాణి వేషాలన్నీ ఆయనవే. నుదుటి మీద, చెవుల పక్కన చర్మం రేగి పుండ్లు పడ్డాయని చూపించుకోవడానికి వచ్చాడు. అన్నమ్మ కడగడానికి కూర్చోబెట్టి తలగుడ్డ తియ్యమంది. తీశాడు. నున్నటి బట్టతల.

వేణ్నీళ్ల గిన్నె పట్టుకుని నిలబడిన పరంజ్యోతి ఆ తల వంకే చూసింది. గంగులయ్య ఆమె తల గుడ్డను, కనుబొమ్మలు లేని ముఖాన్ని చూశాడు.

"రాణికి నడుం దాకా ఉండాది పాపా జుట్టు," అన్నాడు మామూలుగా. "నాకే లేదు. ఆ టోపా పెట్టుకునే జిగురుతోనే ఈ పుండ్లు."

నాటకాలవాళ్లు పెట్టుకునే జుట్టును ఆ పక్క టోపా అంటారు. మరుసటి రోజు మేనత్త మందు ఇచ్చి పంపితే పరంజ్యోతి వాళ్ల మకాం దగ్గరికి పోయింది. ఎండలో బోర్లించిన కుండ మీద రాణి జుట్టు ఆరుతోంది. గాలికి కదులుతోంది. ముట్టుకోవచ్చా అని అడిగింది. గంగులయ్య కుండతో సహా ఎత్తి ఆమె ముందు పెట్టాడు. ఆమె చాలాసేపు దాని చిక్కులు తీసి, అడగకుండానే జడ అల్లింది. ఆయన ఆ జడను చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూశాడు. తన పాత టోపా ఒకటి పెట్టెలోంచి తీసి ఇచ్చాడు.

ఆ ఆదివారం పరంజ్యోతి దాన్ని పెట్టుకుని గుడికి పోయింది. అది మగవాడి తలకు కుట్టింది, ఆమె తల చిన్నది. లోపల గుడ్డ దళసరి, కర్పూరం వాసన, జిగురు వాసన. దూరం నుంచి దివిటీల వెలుతురులో చూసే జుట్టు అది, పగలు చూస్తే మేక బొచ్చులాగా ఉంది. చెమట కారి కళ్లలోకి వచ్చింది. ప్రార్థనకు మోకాళ్లూని తల వంచగానే మొత్తం ముందుకు జారి ముక్కు మీదికి వచ్చింది. ఎవరూ నవ్వలేదు. అందరూ చూడనట్టు కళ్లు మూసుకున్నారు. ఆమెకు నవ్వి ఉంటేనే బాగుండేదనిపించింది.

ఇంటికి వచ్చి దాన్ని మూలకు విసిరింది. ఇక ఎప్పటికీ జుట్టు పేరెత్తనంది. అన్నమ్మ దాన్ని తీసి దులిపింది.

"నాకెందుకు చెప్తాండావు? దీనికేం తక్కువైందో పోయి ఆయనకే చెప్పు."

పరంజ్యోతి ఏడుస్తూనే పోయి చెప్పింది. బరువు, వాసన, వదులు, పాపిడి లేదు, ముందు వైపు గోడ కట్టినట్టుంది. గంగులయ్య ఒక్కో మాటకూ తల ఊపాడు. అది తన తల కొలత అని, ఆమెది ఆమే కట్టుకోవాలని అన్నాడు. జుట్టు కట్టే పని తనకు సగమే తెలుసు. పూర్తిగా తెలిసింది తన భార్య రత్నమ్మకు. కుప్పంలో ఉండి సవరాలు కడుతుంది. ఆ ఊరికి ఎప్పుడైనా వస్తే చూపిస్తుందన్నాడు.

తర్వాతి ఏడు, 1945 ఎండాకాలంలో, కుప్పం డిస్పెన్సరీ నర్సు సెలవు మీద పోతే అన్నమ్మను అక్కడికి పంపారు. పరంజ్యోతి కూడా వెంట పోయింది. అడిగి పంపించుకుందో, దానంతట అదే కలిసొచ్చిందో అన్నమ్మ ఎప్పుడూ చెప్పలేదు.

రత్నమ్మ ఇల్లు రైల్వే స్టేషన్ దగ్గర. సన్నగా, చురుగ్గా ఉండే మనిషి. మాటలో సగం తెలుగు, సగం అరవం. వసారాలో చాప మీద కుప్పలుగా జుట్టు. పరంజ్యోతి గుడ్డ విప్పగానే రత్నమ్మ ముఖం తిప్పుకోలేదు, అయ్యో అనలేదు. రెండు చేతులూ ఆ తల మీద పెట్టి, గుమ్మడికాయ ఎంచుకుంటున్నట్టు చుట్టూ తడిమింది. "మంచి తల. గుండ్రంగా ఉండాది. వంకర తలలకు కట్టేది కష్టం," అంది. నూలుదారం తీసి నుదురు నుంచి మెడ దాకా, ఈ చెవి నుంచి ఆ చెవి దాకా కొలిచి ముడులు వేసింది.

ఆ వేసవంతా పరంజ్యోతి ఆ వసారాలోనే. మొదట జుట్టు ఏరడం నేర్చుకుంది. ప్రతి వెంట్రుకకూ వేరు ఒక వైపు, కొస ఒక వైపు. అవి తారుమారైతే ఎంత దువ్వినా చిక్కు పడుతూనే ఉంటుంది. వేళ్ల మధ్య నలిపి చూస్తే ఏది వేరో తెలుస్తుంది. అది ఆమెకు తొందరగానే పట్టుబడింది. తర్వాత కుంకుడు రసంతో కడిగి నీడన ఆరబెట్టడం, మేకులు కొట్టిన పలక మీద దువ్వి పొడుగులు వేరుచేయడం, రెండు గుంజల మధ్య బిగించిన దారాల మీద కొద్ది కొద్దిగా ముడివేస్తూ జుట్టును అంచులాగా అల్లడం. ఆ అంచుల్ని గుడ్డ టోపీ మీద మెడ దగ్గర మొదలుపెట్టి పైకి వరసలుగా కుట్టాలి. అంతవరకూ బాగానే వచ్చింది. పాపిడి దగ్గర ఆగిపోయింది. గుడ్డ దళసరిగా ఉండి, పాపిడి తీస్తే పొలంలో గట్టులాగా కనిపించేది. నాలుగుసార్లు కుట్టి విప్పింది. నాటకానికి, సవరానికి పాపిడితో పని లేదు కాబట్టి రత్నమ్మకూ ఉపాయం తెలియలేదు.

ఆ రోజుల్లోనే కూతుర్ని చూడడానికి కృపాదానం కుప్పం వచ్చాడు. వసారాలో కూర్చుని పని అంతా చూశాడు. పాపిడి గొడవ విని, ఆసుపత్రిలో ఉతికి ఉతికి పలచబడి పారేసే కట్ల గాజుగుడ్డ పనికొస్తుందేమో అన్నాడు. ఆయన సంచిలో ఎప్పుడూ ఒక చుట్ట ఉండేది. తీసి ఇచ్చాడు. పరంజ్యోతి దాన్ని వెలుతురుకు పట్టి చూసింది. తెల్లగా ఉంది. అన్నమ్మ తాగుతున్న కాఫీ డికాక్షన్‌లో కొంచెం అడిగి తీసుకుని నీళ్లు కలిపి గుడ్డను ముంచింది. గంజి పెట్టి ఆరబెట్టింది. ఆరాక తన ముంజేతి మీద పెట్టి చూసుకుంటే రెండూ ఒకటే రంగు.

అంతా సంబరంగా ఉన్నప్పుడు కృపాదానం చాప మీద పొడుగు జుట్టు చూపించి ఇది ఎవరిదని అడిగాడు. ఇళ్లలో దువ్వగా రాలిందాన్ని సూదులకు, పూసలకు మార్చుకుని తెస్తామని, పొడుగుది మాత్రం గంగమ్మ జాతరలో మొక్కుకున్నవాళ్లు ఇచ్చిందని రత్నమ్మ చెప్పింది. కృపాదానం ముఖం మారింది. లేచి బయటికి పోయి స్టేషన్ కంచె దగ్గర నిలబడ్డాడు. ఒకప్పుడు చేయని పనికి మాట పడ్డాడు. ఇప్పుడు నిజంగానే మొక్కు జుట్టు బిడ్డ నెత్తిన పెట్టాలి.

అన్నమ్మ వెనకే పోయింది.

"నువ్వు తినే బియ్యం పండిన మడిలో కూడా ముందు గంగమ్మకే టెంకాయ కొట్టింటారు దానం. అది వద్దన్లేదే నువ్వు."

కృపాదానం చీకటి పడేదాకా ఆ కంచె దగ్గరే ఉన్నాడు. పరంజ్యోతి పని ఆపి చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నాయన వద్దంటే వద్దనే అనుకుంది.

పొద్దున్నే ఆయన స్నానం చేసి వచ్చి చాప పక్కన మోకాళ్లూని, జుట్టు కుప్ప మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశాడు. ఆ జుట్టు ఇచ్చిన ఆడవాళ్లందరినీ, వాళ్లు ఏ కష్టంలో మొక్కుకున్నారో ఆ కష్టాల్నీ, వాళ్ల బిడ్డల్నీ తలుచుకుని దీవించమని అడిగాడు. చాలాసేపు చేశాడు. రత్నమ్మ కొంగు తల మీదికి లాక్కుని చేతులు కట్టుకుని నిలబడింది. ఆయన ఆమెన్ అన్నాక కాస్త ఆగి అడిగింది.

"అయిందాప్పా? ఇంక కట్టుకోవచ్చా?"

కృపాదానం నవ్వి తల ఊపాడు. అప్పటికే పరంజ్యోతి సూది తీసుకుంది.

జుట్టు పూర్తయిన రోజు పెట్టుకుని వసారా ఈ చివర నుంచి ఆ చివరకు నడిచింది, మెడ కదలకుండా. "నెత్తిన కడవ ఉండాదా ఏంది? మామూలుగా నడువు. నువ్వు బిగుసుకుంటేనే అందరూ సూసేది," అంది రత్నమ్మ. వంగమంది, లెయ్యమంది, బావిలో నీళ్లు చేదమంది. జారిన చోటల్లా లోపల నాడా కుట్టించింది. పెట్టుకోవడం నేర్చుకోవడానికి కట్టడానికి పట్టినంత కాలం పట్టింది. చెమట పట్టే వేళ ముందుగా లోపల పలచటి గుడ్డ వేసుకోవాలి. కణతల దగ్గర ప్లాస్టరు ముక్క చాలు, జిగురు వద్దు. పొయ్యి దగ్గర కొంగు కప్పుకోవాలి, నిప్పురవ్వ పడితే మళ్లీ మొదటినుంచే. పడుకునేటప్పుడు తీసి కుండ మీద పెట్టాలి. గాలి వస్తే చెయ్యి నెత్తికి పోకుండా ఉండడం అన్నిటికంటే కష్టం.

ఆ జూన్‌లో మదనపల్లె వచ్చి మళ్లీ బడిలో చేరింది. ఆ జుట్టు ఎవరినీ మోసం చేయలేదు, అందరికీ తెలిసిందే కదా. సుహాసిని దగ్గరికి వచ్చి పాపిడి మీద వేలు పెట్టి చూసింది. ఇది ఎట్లా చేశావో చెప్పమని అడిగింది. సాయంత్రం మెట్ల దగ్గర ఆమె పరంజ్యోతి చెయ్యి పట్టుకుని తన ముందు మెట్టు మీద కూర్చోబెట్టుకుంది. గట్టిగా లాగొద్దని పరంజ్యోతి చెప్పింది. అయినా లాగింది, ఊడింది. ఈసారి నవ్వింది పరంజ్యోతే, మిగతావాళ్లు ఆ తర్వాత నవ్వారు. ఊడిన జుట్టును ఒళ్లో పెట్టుకుని సుహాసినే జడ అల్లి ఇచ్చింది.

ఏటా వేసవికి కుప్పం పోయి కొత్తది కట్టుకుని వచ్చేది. ఒకటి బడికి, ఒకటి గుడికి. 1948లో స్కూలు ఫైనలు పాసై పుంగనూరులో అన్నమ్మ దగ్గర నర్సు పని నేర్చుకోవడం మొదలుపెట్టింది. విషజ్వరం వచ్చి లేచిన ఆడవాళ్లు రాలిపోయిన జుట్టు చూసి ఏడుస్తుంటే, వాళ్లది మళ్లీ వస్తుందని, వచ్చేలోపల పెట్టుకోవడానికి సవరం తను కట్టిస్తానని చెప్పేది. పలమనేరు నుంచి కూడా మనుషులు వచ్చేవాళ్లు.

మరుసటి ఏడు మొదట్లో సంబంధం వచ్చింది. అబ్బాయి విల్సన్, కుప్పంలో మిషన్ ఎలిమెంటరీ బడి టీచరు. తల్లి పాపమ్మ కొడుకును వెంటబెట్టుకుని మదనపల్లె వచ్చింది. పరంజ్యోతి నల్లటి జడ వేసుకుని, కాటుకతో కనుబొమ్మలు దిద్దుకుని కాఫీ తెచ్చింది. పాపమ్మ ఆ జడ చూసి ముచ్చటపడి ఎవరు వేశారని అడిగింది.

"నేనేనమ్మా. జుట్టు కూడా నేనే కట్టుకున్నా," అంది పరంజ్యోతి.

పాపమ్మకు అది పనిమంతురాలి మాటలాగే వినిపించింది. తల ఎవరిది వాళ్లే కట్టుకోగలిగితే ఇల్లు ఎంత సులువో చెప్పసాగింది. విమలమ్మ కూతురి వంక చూసింది. ఇప్పుడే వద్దన్నట్టుగా, నెమ్మదిగా చెబుదామన్నట్టుగా ఉంది ఆ చూపు. పరంజ్యోతి చేతిలో పళ్లెం కింద పెట్టింది.

"అట్ల కాదమ్మా. ఇది నా నెత్తిన మొలిచింది కాదు. రాండి, సూపిస్తాను."

పాపమ్మను లోపలి గదిలోకి తీసుకుపోయి కిటికీ దగ్గర నాడాలు విప్పి తీసింది. పాపమ్మ బయటికి వచ్చి, చల్లారిన కాఫీ తాగి, బస్సుకు టైమైందని లేచింది. పోతూ పోతూ విల్సన్ మాత్రం గుమ్మం దగ్గర ఆగి, సైకిలు మీద పోతే గాలికి అది నిలుస్తుందా అని అడిగాడు. తెలియదని, ఎప్పుడూ సైకిలు ఎక్కలేదని పరంజ్యోతి చెప్పింది.

వాళ్ల దగ్గర నుంచి మాటా పలుకూ లేదు. విమలమ్మ గంజి రెండుసార్లు అడుగంటించింది. వేసవి వచ్చి పరంజ్యోతి ఎప్పటిలాగే కుప్పం పోయింది. ఒక పొద్దున రత్నమ్మ వసారాలో కూర్చుని ఉంటే పాపమ్మ ఒక్కతే వచ్చింది. చుట్టూ చూసి తలుపు వెయ్యమంది. వేశాక తన ముడిలోంచి పిన్నులు తీసింది. ముడిలో ముప్పాతిక భాగం ఊడి చేతిలోకి వచ్చింది. పాత సవరం, రంగు వెలిసి ఎర్రబడింది.

"నా కొడుక్కు కూడా తెలీదు ఇది," అంది. "నువ్వు ముక్కూ ముఖం తెలీని నాకు సూపించేస్తివి. నా నెత్తికి కలిసేట్టు కట్టిస్తావా?"

పరంజ్యోతి నెరిసిన వెంట్రుకలు కొన్ని ఏరి నల్లటివాటిలో కలిపి, ఆమె తలకు సరిపోయే సవరం కట్టింది. కట్టినంతసేపూ పాపమ్మ పక్కనే కూర్చుని పెళ్లి ఎప్పుడు పెట్టుకుందామో మాట్లాడింది. ఆగస్టులో మదనపల్లె గుడిలో పెళ్లయింది. ముసుగు కింద పాపిడి తిన్నగా కనిపించిందని సుహాసిని అందరికీ చెప్పుకుంది. పరంజ్యోతి కుప్పంలో కాపురం పెట్టి అక్కడి డిస్పెన్సరీలోనే పనికి చేరింది. సైకిలు సంగతి కూడా తేలింది. వి.కోట రోడ్డు మీద ఎదురుగాలికి నిలవలేదు. ఆ తర్వాత పరంజ్యోతి సైకిలు ఎక్కేముందు జుట్టు తీసి సంచిలో పెట్టుకుని, గుడ్డ చుట్టుకుని కూర్చునేది.

డిసెంబరులో ఒకరోజు తల కడుక్కుంటుంటే చేతికి గరుకుగా తగిలింది. అద్దంలో చూస్తే నెత్తి మీద అక్కడక్కడ సన్నటి తెల్లటి నూగు. విల్సన్ మదనపల్లెకు కబురు పంపాడు. విమలమ్మ ఉన్నపళంగా బస్సెక్కి వచ్చేసింది. కూతుర్ని వాకిట్లో ఎండలో కూర్చోబెట్టి, ఆ నూగును వేళ్లతో నిమిరి, నిమిరి, దేవుడికి స్తోత్రాలు చెప్పి, ఆముదం రాసింది. రాత్రికి ఒకసారి, పొద్దున ఒకసారి రాసింది.

వారం తిరిగేసరికి అది మరికొంత పెరిగింది, మరికొన్నిచోట్ల రాలింది. డిస్పెన్సరీకి పోయే హడావిడిలో పరంజ్యోతి జుట్టు పెట్టుకోబోతే లోపల దురద, టోపీ ఒక పక్కకు జారుతోంది. కాసేపు సర్దుకుని చూసింది. తర్వాత విల్సన్ గడ్డం గీసుకునే సామాను తెచ్చుకుని, నురుగు పట్టించి, నెత్తి మీదదంతా నున్నగా గీసేసుకుంది. బావి దగ్గర నుంచి వచ్చిన విమలమ్మ గుమ్మంలోనే నిలిచిపోయింది.

"యాల తీసేసినావు పాపా? అన్నేండ్లకు వచ్చిందే."

"దురదమ్మా. టోపా సరిగ్గా కుదర్లేదు. వచ్చేదైతే మళ్లా వస్తాదిలే. ఎనక నాకు అందలేదు, సూడు, కొంచెం ఉండిపోయింది."

విమలమ్మ కాసేపు కత్తి వంక చూసింది, కూతురి తల వంక చూసింది. కడవ దించి, చేతులు తుడుచుకుని, పీట లాక్కుని వెనక కూర్చుంది. మెడ పట్టుకుని, చర్మం తెగకుండా, నెమ్మదిగా గీసింది. మధ్యలో ఆమెకు ఎందుకో నవ్వు వచ్చింది. కదలొద్దని కూతుర్నే కసిరింది.

రెండు రోజుల కోసం వచ్చిన విమలమ్మ క్రిస్మస్ పండక్కి మాత్రం మదనపల్లె పోయి, కొత్త సంవత్సరం నాటికి మళ్లీ వచ్చింది. పగలు కూతురు డిస్పెన్సరీకి పోతే ఊరికే కూర్చోలేక రత్నమ్మ వసారాకు పోయేది. మొదటి రోజు వేరు ఏదో కొస ఏదో తెలియక రత్నమ్మ చేత మాటలు పడింది. నెల తిరిగేసరికి ఇద్దరూ చాపకు చెరో పక్క కూర్చుని, మధ్యలో జుట్టు కుప్ప పెట్టుకుని, వక్కాకు నములుతూ, గుర్రంకొండ పక్కనుంచి వచ్చిన ఒక పెళ్లికూతురి సవరానికి పొడుగులు ఏరుతున్నారు.